తెర మీది వార్తకూ తేదీ ఉండాలి: తెలుగు దినపత్రికల యాజమాన్యాలకు, సంపాదకులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను 1989లో ఒక తెలుగు దినపత్రిక జిల్లా డెస్కులో ఉపసంపాదకుడిగా చేరాను. దూరపు ఊళ్లకు ముందుగా అచ్చయ్యే డాక్ ఎడిషన్ దగ్గర్నుంచి సిటీ ఎడిషన్ దాకా అన్ని వేళల్లోనూ పేజీలు పెట్టాను. చివరి ఆరేళ్లు అదే సంస్థ ఇంటర్నెట్ విభాగంలో పనిచేసి 2022లో పదవీ విరమణ చేశాను. ఏ పత్రికో చెప్పను. నేను చెప్పదలచుకున్నది ఏ ఒక్క పత్రిక గురించో కాదు.

మా తమ్ముడు రేపల్లె దగ్గర వ్యవసాయం చేస్తాడు. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. 2023 డిసెంబరు 3 ఆదివారం నాటికి వాడి వరి కోత అయిపోయి చేలో పనల మీద ఉంది. బంగాళాఖాతంలో మిచాంగ్ తుపాను బలపడుతోందని అప్పటికే అధికారులు చెబుతున్నారు. పనలు కట్టి కుప్ప వేయించడానికి మనుషుల్ని మాట్లాడుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక లింకు వచ్చింది. పైన పేరున్న దినపత్రిక చిహ్నం, దాని కింద ఎగసిపడే అలల బొమ్మ, ఆ బొమ్మ కింద ఇలా ఉంది: ‘రైతులకు ఊరట.. దిశ మార్చుకున్న తుపాను.. ఆ జిల్లాలకు తప్పిన ముప్పు!’

మనుషులు దొరకడమే కష్టంగా ఉన్న రోజులు. కూలి రెట్టింపు అడుగుతున్నారు. ముప్పు తప్పిందంటే ఈ ఒక్కరోజూ ఆగితే ఆ ఖర్చు మిగులుతుందనుకుని తమ్ముడు ఆగాడు. సోమవారం వాన పట్టుకుంది. మంగళవారం, అంటే డిసెంబరు 5 మధ్యాహ్నం, తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. నేను నాలుగు రోజుల తర్వాత వెళ్లేసరికి చేలో మోకాలి లోతు నీళ్లున్నాయి. పనలు చేత్తో ఎత్తితే వెన్నుకు తెల్లటి మొలకలు.

వాడి ఫోను తీసుకుని ఆ లింకు తెరిచాను. రెండు ప్రకటనలు దాటాక శీర్షిక వచ్చింది. ఇంకో ప్రకటన దాటాక ‘బంగాళాఖాతంలో ఏర్పడిన తుపాను’ అంటూ మొదటి పేరా వచ్చింది. అందులో తుపాను పేరు లేదు. నాలుగో పేరాలో ఉంది: మిధిలీ. అది నవంబరు నడిమిలో ఏర్పడి, 17న బంగ్లాదేశ్ తీరం దాటి వెళ్లిపోయిన తుపాను. అంటే ఆ వార్త రెండు వారాలకు పైగా పాతది. ఏ గ్రూపు నుంచి ఏ గ్రూపుకు పాకిందో, సరిగ్గా ఆ రోజున మా ఊరు చేరింది. తేదీ వేశారా అని వెతికితే, బూడిద రంగులో, వేలిగోరుతో కప్పేయగలిగినంత అక్షరాల్లో ఒక మూల కనిపించింది. వాట్సాప్‌లో కనిపించే బొమ్మ మీద అదీ లేదు.

తప్పంతా ఆ వార్తదే అనను. హెచ్చరికలు వేరే దారుల్లోనూ వచ్చాయి. కుప్పలు వేసినవాళ్లకూ నష్టం జరిగింది, కాకపోతే కొంత దక్కింది. తమ్ముడు ఇంకొకరిని అడిగి ఉండాల్సింది, నాకు ఫోన్ చేసి ఉండాల్సింది. ఆ రోజు తెలంగాణ ఓట్ల లెక్కింపు కాబట్టి నేను తీరిక లేకుండా టీవీ ముందు కూర్చుని ఉంటానని చేయలేదట. అయితే వాడు అన్న ఒక్క మాట మాత్రం నాకు ఈ రోజుకూ మింగుడుపడలేదు. “పేపరు వాళ్లే వేశారు కదా అన్నయ్యా.”

ఆ మాట వెనక ఎంత కష్టం ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. ‘పేపర్లో పడింది’ అంటే నిజమేనని ఊళ్లో అనుకునే స్థితి ఒక్క రోజులో రాలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసులో దాన్ని దినపత్రికను చేసిన నాటి నుంచి కూడబెట్టుకున్న పరువు అది. నేను చేరిన 1989లోనే ఈనాడు జిల్లా సంచికలు మొదలుపెట్టింది. తర్వాత అందరూ అదే దారి పట్టారు. మండల కేంద్రంలో రోడ్డు గుంతలు, కాలవకు పడిన గండి, ఆసుపత్రిలో లేని మందులు అచ్చులోకి వచ్చాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా కార్యక్రమంలో చదువు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు ఆ కబురు ఊరి పొలిమేర దాటి రాష్ట్రమంతా పాకిందంటే, జిల్లా పేజీలు అప్పటికే ఉండబట్టి. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించాల్సి వచ్చింది. పల్లెలో జరిగింది జరిగినట్టు, ఏ రోజు జరిగిందో ఆ రోజు పేరుతో, ఊరి పేరుతో అచ్చయిందనే నమ్మకం మీద నిలబడిన ఉద్యమం అది.

అచ్చు పత్రిక ఏదైనా సరే చేతిలోకి తీసుకోండి. మొదటి పేజీ నెత్తిన తేదీ, వారం, ఊరు. లోపల ప్రతి పేజీ నెత్తినా మళ్లీ తేదీ. ప్రతి వార్త మొదట్లో అది ఏ ఊరి నుంచి వచ్చిందో. చివరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ముద్రించినవారు, ప్రచురించినవారు, సంపాదకుడు, ఏ ఊళ్లో ఏ వీధిలో అచ్చయిందో. ఆ గీత అక్కడ ఉండాలన్నది 1867 నాటి చట్టం. దాని స్థానంలో 2023లో వచ్చిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. ఆ గీత ఎందుకో డెస్కులో చేరిన మొదటి వారంలోనే మా డెస్కు పెద్దాయన మాకు చెప్పారు. వార్త తప్పయితే ఎవరి తలుపు తట్టాలో చదివేవాడికి తెలియాలి.

ఇప్పుడు అదే సంస్థ వెబ్‌సైటులో ఒక వార్త తెరవండి. రాసినవారి పేరున్న చోట ‘వెబ్ డెస్క్’. ఊరు లేదు. తేదీ ఉన్నా లేనట్టే. పొద్దున రాసిన వార్తను సాయంత్రం ఒక వాక్యం మార్చి మళ్లీ పైకి తెస్తే ‘అప్‌డేట్’ అయిన సమయం మాత్రమే కనిపిస్తుంది. జరిగింది ఎప్పుడో తెలియదు. ఇంటిపేరు ఒకటే, చిహ్నం ఒకటే. కాగితం మీద ఒక కట్టుబాటు, తెర మీద ఇంకొకటి. చదివేవాళ్లకు ఆ తేడా తెలియదు. మా తమ్ముడికి తెలియలేదు.

ఇలా ఎందుకయిందో నాకు తెలుసు. ఆ గదిలో నేనూ కూర్చున్నాను కాబట్టి ఆ లెక్క చెబుతాను.

పాఠకుడు ఇచ్చే ధరతో పత్రిక అచ్చు ఖర్చు ఏనాడూ రాలేదు. కాగితం, సిరా, పొద్దు పొడవకముందే ఊరూరికీ చేర్చే వ్యాన్లు, ఏజెంటు కమీషన్ అన్నీ ప్రకటనల మీదే నడిచాయి. పెళ్లి సంబంధాలు, ఉద్యోగాలు, ఇళ్ల స్థలాలు, ‘కనబడుటలేదు’, వర్ధంతులు: ఆదివారం నాడు ఆ చిన్న ప్రకటనలే పేజీలకు పేజీలు. వాటిలో మొదట ఉద్యోగాలు వెళ్లిపోయాయి. నౌకరీ లాంటి వెబ్‌సైట్లు 1997 ప్రాంతంలోనే వచ్చాయి. తర్వాత సంబంధాలు, ఆ తర్వాత స్థలాలు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధర నేలకు దిగాక, పల్లెల్లో కూడా పొద్దున్నే చేతికి వచ్చేది ఫోనే అయింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డాక ఏమయిందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. పేజీలు తగ్గాయి, జిల్లా సంచికలు చిక్కిపోయాయి, కొన్ని వారపత్రికలు మళ్లీ కనిపించలేదు. ఎన్నో ఏళ్లు పనిచేసిన సహోద్యోగులు ఇంటికి వెళ్లారు.

కాబట్టి యాజమాన్యాలు తెర మీద డబ్బు వెతకడం తప్పని నేను ఎన్నడూ అనలేదు. వెతికిన తీరు గురించే నా బాధ.

కాగితం మీద ప్రకటన ఇచ్చేవాడు పత్రిక పేరు చూసి, చదివేవాళ్ల స్థాయి చూసి ఇచ్చేవాడు. తెర మీద అలా జరగదు. మనిషి వార్త మీద వేలు పెట్టగానే, పేజీ తెరుచుకునే ఆ రెప్పపాటులో అక్కడి ఖాళీ జాగాకు యంత్రాల మధ్య వేలం జరుగుతుంది. పాడుకున్నవాడి ప్రకటన వచ్చి కూర్చుంటుంది. నడుమ ఉన్న సంస్థలన్నీ తమ వాటా తీసుకున్నాక మిగిలింది పత్రికకు వస్తుంది. వెయ్యి సార్లు చూపిస్తే ఇంత అని లెక్క. తెలుగు పేజీకి వచ్చే ఆ ‘ఇంత’ ఇంగ్లీషు పేజీకి వచ్చేదానితో పోలిస్తే చాలా తక్కువ. గూగుల్ తన ప్రకటనల వ్యవస్థలో తెలుగును చేర్చిందే 2018లో. అప్పటి నుంచి ఇద్దరు కుర్రాళ్లు, ఒక గది, రెండు కంప్యూటర్లు ఉన్న చోటల్లా ఒక వార్తల వెబ్‌సైటు పుట్టింది. వాళ్లకు విలేకరులు లేరు, జీతాల భారం లేదు. వాళ్లు చేసే పనినే, వందల మంది విలేకరులున్న మీరూ చేయడం మొదలుపెట్టారు. పోటీ పడాల్సింది ఎవరితోనో అక్కడే లెక్క తప్పింది.

మా ఇంటర్నెట్ విభాగం గోడకు ఒక పెద్ద తెర ఉండేది. ఆ నిమిషాన ఏ వార్తను ఎంతమంది చదువుతున్నారో అంకెలు దాని మీద పైకీ కిందికీ కదిలేవి. ఒక సాయంత్రం డెస్కులో కొత్తగా చేరిన అమ్మాయి పదో తరగతి ఫలితాల వార్తకు శీర్షిక పెట్టింది: ‘రేపు ఉదయం 11 గంటలకు పదో తరగతి ఫలితాలు’. ముప్పై ఏళ్ల కిందట ఆ శీర్షికకు మా పెద్దాయన భుజం తట్టి ఉండేవారు. ఆ రోజు పక్క సీటులోని కుర్రాడు అన్నాడు, “వార్తంతా పైనే చెప్పేస్తే లోపలికి ఎవరు వస్తారండీ?” ఆ అమ్మాయి నా వైపు చూసింది. డెస్కు బాధ్యత నాది. నేను శీర్షిక మార్చాను: ‘పదో తరగతి ఫలితాలపై కీలక ప్రకటన.. ఎప్పుడంటే?’ గోడ మీది అంకె గంటలో మూడింతలయింది. ఆ అమ్మాయి ఇంకెప్పుడూ నిండు శీర్షిక పెట్టలేదు. ఆమెకు ఆ పని నేర్పింది నేనే. ఈ లేఖ ఇంతకాలం రాయకపోవడానికి అదీ ఒక కారణం.

శీర్షిక అనేది మనం ఎంత శ్రద్ధగా నేర్చుకున్న విద్య! రెండు కాలమ్‌ల వెడల్పులో ఎన్ని అక్షరాలు పడతాయో లెక్కపెట్టి, ఒత్తు కిందికి దిగితే పై వరుస తగులుతుందేమో చూసుకుని, క్రియ ఎక్కడ పెట్టాలో తేల్చుకుని, ఆ ఐదారు మాటల్లో వార్త మొత్తం పట్టించేవాళ్లం. బస్సు సీటులో పక్కవాడు చదువుతున్న పేపరు వైపు ఓరకంట చూసినవాడికి కూడా సంగతి తెలిసిపోవాలి. చదవడం అంతగా రాని ముసలాయన కూడబలుక్కుని చదువుకున్నది ఆ పెద్ద అక్షరాలే. ఆయనకు దాన్నే దాచిపెడితే ఇంకేం మిగిలింది? ఇప్పుడు ‘ఏం జరిగిందంటే’, ‘ఎందుకో తెలుసా’, ‘అసలు కారణం ఇదే’, ‘వారికి శుభవార్త’. ఏ జిల్లాలో సెలవో, ఏ రైతుకు డబ్బులో, ఏ మందు వాడకూడదో అన్నదే వార్త. దాన్ని తీసి లోపల ఆరో పేరాలో, నాలుగు ప్రకటనల కింద పెడుతున్నారు. సినిమా కబురును అలా ఊరించి చెబితే ఎవరికీ నష్టం లేదు, దాని జోలికి నేను రాను. వాన, వరద, పరీక్ష, రోగం, రేషన్, పింఛను: వీటి దగ్గర ఊరించడం మోసం కిందికే వస్తుంది. ఇంతకంటే మెత్తని మాట నాకు దొరకలేదు.

తప్పు పడితే అచ్చులో మర్నాడు ‘సవరణ’ అని చిన్న గళ్లలో వేసేవాళ్లం. సిగ్గుగానే ఉండేది, అయినా వేసేవాళ్లం. ఆ సిగ్గే మరుసటి తప్పును ఆపేది. తెర మీద ఏం చేస్తున్నారు? తప్పు తెలిసిన వెంటనే వాక్యం మార్చేస్తారు, లేదా వార్తనే తీసేస్తారు. ముందు చదివిన వేలమందికి అది తప్పని ఎవరూ చెప్పరు. స్క్రీన్‌షాట్లు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. మా వీధిలో ఒక చిరుద్యోగి మీద కేసు పెట్టిన రోజు ఆయన పేరు, ఫొటో మూడు వెబ్‌సైట్లలో వచ్చాయి. కోర్టు ఆయన్ని నిర్దోషి అన్న రోజు ఒక్కదానిలోనూ రాలేదు. కూతురి పెళ్లి సంబంధం చూడవచ్చినవాళ్లు గూగుల్‌లో ఆయన పేరు కొట్టి చూసి వెళ్లిపోయారు. కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో తెచ్చిన ఐటీ నిబంధనలు వార్తా సంస్థలు ఫిర్యాదుల అధికారిని నియమించుకోవాలని, 15 రోజుల్లో తేల్చాలని అన్నాయి. వాటిలో కొన్నింటి మీద కోర్టుల్లో వివాదాలు నడిచాయి. వార్తను దిద్దించే అధికారం ప్రభుత్వం చేతికి వెళ్లడం నాకూ ఇష్టం లేదు, ఆ భయం నిజమైనదే. అందుకే మీ అంతట మీరు దిద్దుకోవాలని అడుగుతున్నాను. ఆ చిరుద్యోగి ఎవరికి రాయాలో నన్ను అడిగితే వెబ్‌సైటు అడుగు దాకా జరుపుకుంటూ వెళ్లి ఒక ఈమెయిల్ చిరునామా పట్టుకోవడానికి నాకే పది నిమిషాలు పట్టింది.

ఇక్కడ పల్లె విలేకరుల సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. తెర మీద కనిపించే అసలు వార్తల్లో, అంటే ఎక్కడో నుంచి ఎత్తి తిరగరాయనివాటిలో, చాలావరకు మండల విలేకరి పంపినవే. ఆయనకు జీతం లేదు. అచ్చయిన మేరకు లైన్ అకౌంట్ అని కొంత వస్తుంది. వెబ్‌సైటులో పడినదానికి చాలాచోట్ల అదీ లేదు. అదే మనిషి ఇప్పుడు వార్త రాయాలి, ఫొటో తీయాలి, వీడియో తీసి వెంటనే పంపాలి. ఏడాదికి రెండు మూడు సార్లు ప్రకటనలు కూడా తేవాలి. తుపాను రాత్రి మోటారు సైకిలు మీద కరకట్ట దాకా వెళ్లి నీటిమట్టం చూసి వచ్చేది ఆయన. ఎక్కడో నగరంలో ఏసీ గదిలో ఆ నాలుగు వాక్యాలకు ‘షాకింగ్’ అని చేర్చి ‘వెబ్ డెస్క్’ అని పేరు పెడతారు. కరకట్ట దగ్గర నిలబడిన మనిషి పేరు, ఆ ఊరి పేరు, ఆ సమయం వేసి ఉంటే ఆ వార్తకు ఎంత విలువ వచ్చేదో ఆలోచించండి. ‘రాత్రి 9.40, ఫలానా ఊరి కరకట్ట నుంచి ఫలానా విలేకరి’ అన్న ఒక్క గీత చాలు. అది ఇద్దరు కుర్రాళ్ల వెబ్‌సైటుకు ఎన్నటికీ చేతకాదు. మీ దగ్గర ఉన్న ఆస్తి అదే, మీరు వాడనిదీ అదే.

పాత వార్తల సంగతి కూడా ఈ కోవలోదే. తెలుగు పత్రికలు ఇంటర్నెట్‌లోకి వచ్చిన కొత్తలో ఎవరి ఫాంటు వాళ్లది. అన్ని భాషల అక్షరాలకూ ప్రపంచమంతటా ఒకే సంకేతాలు ఉండేలా చేసిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మన పత్రికలు చాలాకాలం అటు చూడలేదు. తెర మీద తెలుగులా కనిపించేది, లోపల మాత్రం అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల వరస. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో గజిబిజి గీతలు వచ్చేవి, ఏ సెర్చి ఇంజనుకూ దొరికేది కాదు. తెలుగు మీద ప్రేమతో కొందరు ఔత్సాహికులు ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు ‘పద్మ’ అనే ఉపకరణం తయారుచేసి, మీ వార్తల్ని యూనికోడ్‌లోకి మార్చుకుని చదివారు. ఆ పని చేయాల్సింది పత్రికలు, చేసింది పాఠకులు. తర్వాత మీరూ యూనికోడ్‌కు వచ్చారు గానీ, వచ్చేటప్పుడు పాత సరుకును చాలామంది వదిలేశారు. వెబ్‌సైటు మార్చిన ప్రతిసారీ పాత లింకులు చచ్చిపోయాయి. స్వాతంత్ర్యానికి ముందునాటి ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంచికల్ని ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి ఇంటర్నెట్‌లో పెట్టింది కాబట్టి ఈ రోజు ఎవరైనా చదవగలరు. నేను 2004లో స్వయంగా దిద్ది వెబ్‌సైటులో పెట్టిన వరుస కథనాలు ఇప్పుడు నాకే దొరకవు. ఇరవై ఏళ్ల కిందటి తెలుగు సమాజం గురించి రేపెవరైనా పరిశోధన చేయాలనుకుంటే, నూరేళ్ల కిందటి దాని గురించి చేయడమే సులువు. ఎంత అన్యాయమో చూడండి: దొరకాల్సిన పాత వార్త దొరకదు, అడ్డం రాకూడని పాత వార్త ఈ రోజుదిలా వచ్చి పడుతుంది. రెండింటికీ మూలం ఒకటే. తెర మీద పెట్టిన వార్తను రికార్డుగా ఎవరూ చూడలేదు, ఆ గంటకు అమ్ముడుపోతే చాలనుకున్నారు.

ఆ అమ్మకం కూడా ఎక్కువ కాలం సాగేలా లేదు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ స్నేహితుల, బంధువుల కబుర్లకే పెద్దపీట వేస్తామని ఒక్క ప్రకటన చేస్తే, దాన్ని నమ్ముకుని పాఠకుల్ని పెంచుకున్న సంస్థలు ప్రపంచమంతటా దెబ్బతిన్నాయి. కెనడాలో వార్తలకు డబ్బు చెల్లించాలని చట్టం వస్తే, 2023 ఆగస్టులో ఆ కంపెనీ అక్కడ వార్తలు చూపించడమే మానేసింది. ఇప్పుడు గూగుల్‌లో ప్రశ్న అడిగితే కృత్రిమ మేధ తానే జవాబు కూర్చి పైన పెడుతోంది. 2024లో అది మన దేశానికీ వచ్చింది. ‘ఫలితాలు ఎప్పుడంటే?’ అని మీరు ఊరిస్తే యంత్రం ఊరదు. ఆరో పేరాలో దాచిన తేదీని తీసి అడిగినవాడి చేతిలో పెడుతుంది. వాడు మీ దాకా రానే రాడు. ఇక మిగిలేది, మీ పేరు చూసి నేరుగా మీ ఇంటికి వచ్చే పాఠకుడు ఒక్కడే. ఆ పేరునే గోడ మీది అంకె కోసం ఇన్నాళ్లూ ఖర్చు పెట్టుకుంటూ వచ్చారు.

నేను అడిగేవాటికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. వార్త మొదట ఎప్పుడు రాశారో ఆ తేదీ శీర్షిక పైన, శీర్షికంత స్పష్టంగా వేయండి. వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో కనిపించే బొమ్మ మీద కూడా అది పడేలా మీ సాంకేతిక సిబ్బందికి చెప్పండి. వాళ్లకు అది ఒక్క పూట పని, నేను అడిగి తెలుసుకున్నాను. ఏడాది దాటిన వార్త తెరిస్తే ‘ఇది పాత వార్త’ అని పైన ఒక పట్టీ వచ్చే ఏర్పాటు విదేశీ పత్రిక గార్డియన్ 2019లోనే చేసింది. మన తుపాను వార్తకు ఏడాది అక్కర్లేదు, రెండు రోజులు దాటితే ఆ పట్టీ రావాలి. వాతావరణం, వైద్యం, పరీక్షలు, ప్రభుత్వ పథకాల వార్తల శీర్షికల్లో ఊరూ పేరూ దాచవద్దని మీ డెస్కులకు రాతపూర్వకంగా చెప్పండి, ఆ వార్తల్ని గోడ మీది అంకెల నుంచి తప్పించండి. ఆ అంకె తగ్గినందుకు ఎవరికీ ఇంక్రిమెంటు ఆగదని ఆ పిల్లలకు మీ నోటితో భరోసా ఇవ్వండి. తప్పు దిద్దితే, ఏం దిద్దారో ఆ వార్త మీదే రాయండి.

మీ సంస్థల్లో పాత్రికేయ శిక్షణ పాఠశాలలు ఉన్నాయి. వాటిలో నేర్పే మొదటి పాఠాలు ఇవే. ఆ పిల్లలు పాఠశాల గదిలో నేర్చుకున్నది వెబ్ డెస్కులో కూర్చున్న మొదటి రోజునే మరిచిపోవాల్సి వస్తోంది. ఆ రోజు నేను ఎవరి శీర్షిక మార్చానో ఆ అమ్మాయి ఇప్పుడు ఒక పెద్ద పత్రిక వెబ్‌సైటుకు షిఫ్టు బాధ్యురాలు. మొన్న ఫోన్ చేసి, “తుపాను వార్తలకు తేదీ పైన వేద్దామని సమావేశంలో అడిగాను సార్, పేజీలో చోటు లేదన్నారు” అంది. ఆ చోటులో ప్రకటన ఉందట.

మా తమ్ముడు ఆ కౌలు అప్పు ఇంకా తీరుస్తూనే ఉన్నాడు. పేపరు మాత్రం మానలేదు. పొద్దున్నే కల్లాపి జల్లిన వాకిట్లో పడిన పేపరు తీసి, ముందు తేదీ చూసి, ఆ తర్వాత చదువుతాడు. ఫోనులో ఏదైనా వార్త వస్తే నాకు పంపి, “ఇది ఈ రోజుదేనా అన్నయ్యా?” అని అడుగుతున్నాడు. కిందటి వర్షాకాలంలో అలా పదకొండు సార్లు అడిగాడు, నాలుగు పాతవి. చూసి చెప్పడానికి వాడికి నేనున్నాను. ఆ గ్రూపులో ఇంకో రెండు వందల మంది ఉన్నారు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి తుపానుల కాలం, మన డెల్టాకు కోతల కాలం. ఈ ఏడాది ఆ నెలలు రాకముందే తేదీకి చోటు చేయండి.

ఇట్లు
ఒక విశ్రాంత ఉపసంపాదకుడు
గుంటూరు